అట్టముక్క మీద చుక్క లేదు

జూలై 2

ఈ రోజు నడిరోడ్డు మీద కారు పొగలు కక్కింది.

కార్ల గురించి నాకు తెలిసినవి మూడు: తాళం ఎటు తిప్పాలి, పెట్రోలు ఎక్కడ పోయించాలి, హారన్ ఎక్కడ నొక్కాలి. మిగతాదంతా ఆయన చూసుకునేవాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. కారు మాత్రం పోలేదు, నాకు అంటగట్టబడింది. కారుతోపాటు ఆయన అక్క కూడా.

వదినను కంటి ఆసుపత్రి నుంచి తీసుకొస్తున్నాను. డెబ్బై రెండేళ్ళు ఆవిడకి. చక్కెర జబ్బు ఎడమ కన్ను తినేసింది, పాదాల్లో స్పర్శ తినేసింది, ఇప్పుడు కుడికన్ను మీద పడింది. నెలకొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు. మొదటిది ఈ రోజు అయింది. రెండోది ముప్ఫయ్యో తారీకు. "ఆ తారీకు దాటితే నేను హామీ ఇవ్వలేను" అన్నాడు డాక్టరు, అదేదో నేను దాటించబోతున్నట్టు నా ముఖం చూస్తూ.

సగం దారిలో ఉండగా వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. ఆపి, ముందు మూత ఎత్తి, రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాను. వెనక ఆగిన లారీ డ్రైవరు కేక పెట్టాడు. "ముట్టుకోకండమ్మా! మొహం ఉడికిపోద్ది!"

ఒత్తిడి పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుందనీ, ఒత్తిడి తీసేస్తే ఒక్కసారిగా పొంగుతుందనీ ఇరవై రెండేళ్ళుగా తొమ్మిదో తరగతికి చెబుతున్నాను. మూత తీయబోయిందీ నేనే.

గంటసేపు చల్లారనిచ్చి లారీ వాడి క్యాన్‌లో నీళ్ళు పోసుకున్నాం. ఆ గంటలో వదిన వాడికి తన ఉద్యోగ చరిత్ర మొత్తం చెప్పింది. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ ఫోన్లు కలిపిన మనిషి. ఎక్స్ఛేంజీ మూతపడింది గానీ ఆవిడ నోరు మూతపడలేదు.

జూలై 3

సందు చివర మెకానిక్.

"నీళ్ళు తగ్గినయ్ మేడం. పోస్తే సరి."

"ఎందుకు తగ్గాయి?"

"వాడితే తగ్గవా?"

"కారేమైనా తాగుతుందా?"

"ఎండలు కదా మేడం."

బయట జోరున వాన పడుతోంది. పదికి రెండు మార్కులు. ఆ రెండూ నిటారుగా నిలబడినందుకు.

ఇంజను చల్లబరచడానికట, ఏదో పచ్చటి కూలెంటు పోశాడు. ఇంజను పక్కన ప్లాస్టిక్ ట్యాంకు ఒకటుంది, దాని మీద రెండు గీతలు. పై గీత దాకా ఉండాలట, కింది గీత దిగితే ప్రమాదమట. ఇంతకాలం అది అద్దం కడిగే నీళ్ళ డబ్బా అనుకున్నాను.

జూలై 6

మూడు రోజుల్లో కింది గీత దాకా దిగింది.

స్కూలు లైబ్రరీలో కార్ల మరమ్మతు పుస్తకం దొరికింది. పదకొండేళ్ళుగా ఎవరూ తీసుకోలేదు. భాష పరమ దరిద్రంగా ఉంది కానీ రాసిన మనిషి తెలివైనవాడే. నీళ్ళు బయటికైనా కారాలి, ఇంజను లోపలైనా ఆవిరైపోవాలి అంటాడు. బయటికి కారుతున్నాయో లేదో తెలియాలంటే, రాత్రి కారు కింద అట్టముక్క పరిచి పొద్దున చూడమన్నాడు. పరిచాను. హీటరు మీద ఒక అధ్యాయం ఉంది, వదిలేశాను. ఈ కారులో నేను ఒక్కనాడూ హీటరు వేసి ఎరగను.

సాయంత్రం మరిది ఫోన్ చేశాడు. వాడికి తెలియని విషయం లేదు, చేతనైన పనీ లేదు. "థర్మోస్టాట్ పీకేయించండి వదినా, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నాడు. అదేం చేస్తుందో చెప్పమన్నాను. టాపిక్ మార్చేశాడు.

మార్చి అసలు విషయానికొచ్చాడు. తనకు తెలిసినవాళ్ళ వృద్ధాశ్రమంలో అక్క పేరు రాయించనా అన్నాడు. ఎప్పుడు ఖాళీ వస్తుందో తెలియదట, రాయించి పెట్టుకుంటే మంచిదట. తన ఇంట్లో మాత్రం గది లేదట. నాలుగు గదుల ఇల్లు.

"రాయించు. తన పని తాను చేసుకున్నన్నాళ్ళు ఉంచుకుంటాను. మంచాన పడితే, పక్క తడిపితే మాత్రం నావల్ల కాదు" అన్నాను. ఇందులో తప్పేముంది? అందరూ అనుకునేదే, నేను పైకి అంటాను. వదిన పక్క గదిలో రేడియో పెట్టుకుని ఉంది. వినపడి ఉండదు.

జూలై 7

అట్టముక్క మీద చుక్క లేదు.

జూలై 8

చుక్క లేదు. ట్యాంకులో మాత్రం వేలెడు తగ్గింది. అట్టముక్క మార్చాను, తెల్లటిది పెట్టాను. పచ్చనీళ్ళు తెల్లదాని మీద దాక్కోలేవు కదా.

జూలై 9

తెల్లదాని మీద పిల్లి పడుకుని లేచింది. అంతకుమించి ఏమీ లేదు.

జూలై 12

రోజూ స్కూలుకు వెళుతూ వదినను ఆవిడ పాత సహోద్యోగిని ఇంటి దగ్గర దింపుతాను. చూపు సరిగా లేని మనిషిని ఒంటరిగా వదలడం నాకిష్టం లేదు. గ్యాస్ పొయ్యి వెలిగించుకుని ఇల్లు తగలబెడితే ఎవరికి నష్టం? అంతే తప్ప ప్రేమ పొంగిపొర్లి కాదు.

ఈ రోజు దారంతా ముందు అద్దం లోపలి నుంచి మసకేసింది. గాలి పెడితే ఇంకా ఎక్కువైంది.

"మీరు కాసేపు నోరు మూసుకుంటే అద్దం తెరుచుకుంటుంది వదినా" అన్నాను.

మామూలుగా అయితే ఇంటికెళ్ళేదాకా వదిలిపెట్టేది కాదు. ఈసారి ఒక్క మాట అనలేదు. తేలు కుట్టిన దొంగలా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పోనీలే, ఇన్నాళ్ళకి ఒక మాట పనిచేసింది అనుకున్నాను.

కారులో ఏదో తియ్యటి వాసన, మగ్గిపోయిన పండులాగా. వదిన సంచీలో ఏం కుక్కి మర్చిపోయిందో. ఒక పాత తువ్వాలు కూడా వెంట తెచ్చుకుంటోంది ఈ మధ్య. ఎందుకని అడిగితే "కాళ్ళకి" అంది. కాళ్ళకి తువ్వాలట! దిగాక మడిచి సంచీలో పెట్టుకుని పోతుంది.

జూలై 15

పెద్ద వర్క్‌షాపుకి వెళ్ళాను. టై కట్టుకున్నవాడు ఒకడు, కుర్చీ వేసి కూర్చోబెట్టి, కంప్యూటర్‌లోకి చూస్తూ, కారు వైపు కన్నెత్తి కూడా చూడకుండా "హెడ్ గాస్కెట్ పోయింది మేడం, ఇంజను దింపాలి" అన్నాడు.

"హెడ్ గాస్కెట్ పోతే నీళ్ళు ఇంజను లోపలికి పోయి ఆవిరవుతాయి. పొగగొట్టంలోంచి తెల్ల పొగ రావాలి. వస్తోందా?"

"అది... చూడాలి మేడం."

"నూనెలో నీళ్ళు కలిసి పాలలా తెల్లబడాలి. పడిందా?"

నూనె కొలిచే పుల్ల నేనే బయటికి లాగి చూపించాను. నల్లగా, శుభ్రంగా ఉంది. వాడు టై సర్దుకున్నాడు. పదికి సున్నా. టైకి ఒక మార్కు వేద్దామనుకున్నాను కానీ ముడి కూడా వంకరగా ఉంది.

ఇంటికొస్తూ నాకు నేనే నవ్వుకున్నాను. పదిహేను రోజుల కిందట ట్యాంకును అద్దం నీళ్ళ డబ్బా అనుకున్నదాన్ని, ఈ రోజు టై వాడి నోరు మూయించాను. అయితే నీళ్ళు ఎటు పోతున్నాయో నాకూ తెలియదు, అది వేరే సంగతి.

జూలై 16

కొత్త రేడియేటర్ మూత. గొట్టాలన్నీ తడిమి చూశాను, అన్నీ పొడి. ఫ్యాన్ తిరుగుతోంది.

జూలై 17

వేలెడు తగ్గింది.

జూలై 18

వదిన ఇక స్నేహితురాలి ఇంటికి వెళ్ళనంటోంది. పోట్లాడుకున్నారా అంటే లేదంది. గ్యాస్ కట్టేసి ఇంట్లోనే వదిలి వెళుతున్నాను. కాఫీ కూడా మానేసింది. మంచినీళ్ళు అడగ్గా అడగ్గా రెండు గుక్కలు. "షుగరున్నవాళ్ళు నీళ్ళు తాగాలి" అన్నాను. "దాహం లేదమ్మాయ్" అంది. బెట్టు. నా చేత బతిమాలించుకోవాలని ఈ వేషాలు.

బాత్రూమ్ వెనక తీగ మీద ఆవిడ బట్టలు మూడు జతలు ఆరుతున్నాయి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మూడు జతలు మార్చడానికి ఈవిడేమైనా పెళ్ళికూతురా?

జూలై 21

స్కూలు గేటు ముందు మళ్ళీ ఉడికింది. సరిగ్గా పిల్లలు లోపలికి వెళ్ళే సమయానికి. తొమ్మిదో తరగతి మొత్తం చుట్టూ చేరింది. "మేడం, ఇది మరగడమా, బాష్పీభవనమా?" అని అడిగాడు వెనక బెంచీ వెధవ. ప్రశ్న మంచిదే. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

హెడ్మాస్టరు వచ్చి బానెట్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి "అమ్మేయండి" అన్నాడు. గొప్ప పరిశోధన.

అమ్మేస్తే ఆసుపత్రికి ఎలా వెళ్ళాలి? బస్సులు రెండు మారాలి, ఆ రెండో బస్టాండు మెట్లు నేనే ఎక్కలేను. ఈ కారు బాగుపడాలి. నాకోసమే, స్కూలుకి నడిచి వెళ్ళే ఓపిక నాకు లేదు.

జూలై 25

వదిన ఆసుపత్రికి రానంది.

అన్నం తింటూ తింటూ, నిమ్మకు నీరెత్తినట్టు అంది. "ముప్ఫయ్యో తారీకు వద్దులే అమ్మాయ్. ఒక కన్ను పోయి ఆరేళ్ళయింది, ఏం కొంప మునిగింది? రెండోది పోతే ఏమవుతుంది?"

"చీకటవుతుంది."

"అలవాటు పడతా."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "కారు మధ్యలో ఆగిపోతుందని భయమా? సూదంటే భయమా? చెప్పండి. పిరికితనానికి ఇంత నాటకం ఎందుకు?" అన్నాను. ప్లేటు తీసుకుని లేచింది. తలుపు అంచు భుజానికి తగిలింది, తడుముకుని వెళ్ళింది.

కారు వల్లే. రోడ్డు మీద గంటసేపు నిలబెట్టాం కదా, జడుసుకుంది. కారు బాగుచేసి చూపిస్తే నోరెత్తకుండా ఎక్కుతుంది. ఐదు రోజులుంది.

జూలై 27

ఈ రోజు రాయాలనిపించడం లేదు.

జూలై 28

రాస్తాను. రాయకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

నిన్న, స్కూలు డ్రైవరు చెప్పగా, రేడియేటర్లు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. డెబ్బై దాటిన మనిషి. రేకుల షెడ్డు, విరిగిన బల్ల. ఇక్కడా పదికి రెండే అనుకుంటూ మొదలుపెట్టాను. పుస్తకం చెప్పినవీ, నేను చూసినవీ గడగడా అప్పజెప్పాను. ఆయన బీడీ ఆర్పి, అంతా విని, "పక్క సీట్లో ఎవరు కూర్చుంటారమ్మా?" అని అడిగాడు.

"మా వదిన. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఆవిడేమీ చెప్పలేదా?"

"చెప్పడానికి ఆవిడకేం తెలుసు?"

ఆయన ఆ తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, కింద రబ్బరు పట్టాను ఎత్తాడు. దాని కింద తివాచీని పిడికిలితో పిండాడు. పచ్చటి నీళ్ళు కారాయి. ఆ తియ్యటి వాసన గుప్పుమంది.

"ఈ డ్యాష్‌బోర్డు వెనకాల హీటరుకి చిన్న రేడియేటర్ ఉంటుంది. అది కారుతోంది. నీళ్ళు రోడ్డు మీద పడటం లేదు, ఆవిడ కాళ్ళ మీద పడుతున్నయ్. అద్దం మసకేస్తోందా?"

"నేనసలు హీటరే వేయను."

"వేసినా వెయ్యకపోయినా అందులోకి నీళ్ళు పోతూనే ఉంటయ్ తల్లీ."

ఇరవై రోజులు కారు కింద పాకాను, అట్టముక్కలు పరిచాను, టై వాణ్ణి ఏడిపించాను. పక్క సీటు కిందకి వంగి చూడలేదు. అక్కడ వదిన కూర్చుంటుంది, నేను చూసేదేముంది అనుకున్నాను.

హీటరుకు వెళ్ళే రెండు గొట్టాలూ తీసి ఒకదానికొకటి కలిపేసి క్లిప్పులు బిగించాడు. "ఇక వేడిగాలి రాదు, మిగతాదంతా బావుంటుంది" అన్నాడు. అరగంట పని. ఆయనకు మార్కులు వేయడానికి నేనెవరిని?

దారిలో సగం దూరం వచ్చాక ఆ తువ్వాలు, మూడు జతల బట్టలు, తాగని మంచినీళ్ళు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. కారు పక్కకి తీసి ఆపాను. ముల్లు సరిగ్గా మధ్యలో ఉంది.

ఇంటికొచ్చి వదినను చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి తీసుకొచ్చాను. వంగోబెట్టి తివాచీ తాకించాను.

"ఇది చూడండి. వాసన చూడండి. ఇది కారుది. ఇంజను నీళ్ళు."

వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని రెండుసార్లు వాసన చూసింది.

"నాది కాదా?"

"కాదు."

"నిజంగా? దిగేసరికి చీర అంచులు తడిసి ఉండేవి. వెచ్చగా. కాళ్ళకి తెలియదు కదా, ఎప్పుడయిందో కూడా తెలియట్లేదే అనుకుని..." నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కారు తలుపు పట్టుకుంది. "ఓరి దీని దుంప తెగ! దీనికోసం నేను నీళ్ళు మానేశానటే!"

"నాకు చెప్పొచ్చు కదా."

"చెప్తే ఏం చేసేదానివి?"

నేను రబ్బరు పట్టా సర్దడం మొదలుపెట్టాను.

"నువ్వు చిన్నవాడికి ఫోన్లో చెప్పింది విన్నాలే అమ్మాయ్. ముప్ఫై ఏళ్ళు హెడ్‌సెట్ పెట్టుకున్న చెవులు, పక్క గది వినపడదా?" కోపంగా అనలేదు. టైమెంతయిందో చెప్పినట్టు అంది. తర్వాత ఇంకా మెల్లగా అంది. "అయినా... మొన్న రెండుసార్లు పక్క మీద కూడా అయింది. మంచానికి ఇంజను లేదు కదా."

దానికి ఏదో ఒకటి అనాలి. ఏదన్నా సరే. నేను చేతులు కడుక్కోవాలని చెప్పి లోపలికి వచ్చేశాను. అలసిపోయి ఉన్నాను. కాదు, అలసిపోలేదు. భయం వేసింది. ఆ మాట అన్నదాన్ని నేను, ఇప్పుడు దాన్ని నిలబెట్టుకోవాలా, మింగేయాలా తెలియక పారిపోయాను. లోకంలో అందరికీ ఎర్ర పెన్నుతో తప్పులు దిద్దుతాను. నాకు నేను దిద్దుకోవాల్సి వస్తే కుళాయి తిప్పుకుని నిలబడ్డాను.

జూలై 29

రోజంతా ఇద్దరం మర్యాదగా మాట్లాడుకున్నాం. అసహ్యంగా ఉంది.

జూలై 30

పొద్దున్నే తయారై వరండాలో కూర్చుని ఉంది. హమ్మయ్య అనుకున్నాను. పక్కన పెద్ద సంచీ చూశాను. రేడియో తీగ బయటికి వేలాడుతోంది.

"ఇదేంటి?"

"ఇంజెక్షన్ అయ్యాక అటునుంచటే ఆశ్రమంలో దింపెయ్. చిన్నవాడు నిన్న నాకే ఫోన్ చేశాడు, గది ఖాళీ అయిందట. మళ్ళీ ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళడం, నీకు రెండు తిరుగుళ్ళు ఎందుకు?"

నా తిరుగుళ్ళు ఆదా చేస్తోంది! ఏడుపొచ్చింది, ఏడుపు వస్తే నాకు కోపం వస్తుంది, కోపంతోనే సంచీ లాక్కుని ఆవిడ గదిలోకి విసిరేశాను. రేడియో లోపల ఏదో విరిగినట్టుంది.

"ఆ రోజు నేనన్నది తప్పు. నేను వెధవ మాట అన్నాను. ఇంకోసారి చెప్పించకండి, నాకు చేతకాదు. కారెక్కండి."

"మరి పక్క..."

"తడిపితే ఉతుకుతాను. నా మొగుడి లుంగీలు, గ్రీజు మరకలు ఇరవై ఏళ్ళు ఉతికాను, ఇదెంత? దానికీ డాక్టర్లుంటారు, వచ్చే వారం వెళ్దాం. ఇప్పుడు కన్ను. ఎక్కండి వదినా, తొమ్మిదింటికి అక్కడుండాలి."

ఎక్కింది. దారిలో నేనే "ఎక్స్ఛేంజీలో మీ పై ఆఫీసరు సంగతేదో చెబుతారుగా" అని కదిపాను. ఇక ఆసుపత్రి వచ్చేదాకా ఆగలేదు. ఆ ఆఫీసరు ఒట్టి మూర్ఖుడు. ఆ కథ నేను ఇప్పటికి నలభైసార్లు విన్నాను.

ఆసుపత్రిలో కూర్చున్నప్పుడు మంచినీళ్ళు కావాలంది. రెండు గ్లాసులు తాగింది. ఇంకోటి తెమ్మంది. ఇంజెక్షన్ అయింది. సమయానికే వచ్చారు అన్నాడు డాక్టరు.

తిరిగొచ్చేటప్పుడు కంటికి కట్టు. ఉన్న ఒక్క కన్నూ మూసి ఉంది కాబట్టి దారిలో ఏమొస్తోందో నన్ను చెప్పమంది. పెట్రోలు బంకు, వంతెన, ఎవరో గేదెలాంటి మనిషి స్కూటర్ మీద, అని చెబుతూ నడుపుతున్నాను. వంతెన దాటాక చెయ్యి చాచి నా మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్."

"చెప్పండి."

"ఈసారి కారు కాదే. నేనే."

నేను ముల్లు వైపు చూశాను. మధ్యలోనే ఉంది. "అవును, మీరే" అన్నాను. ఎవరు ముందు మొదలుపెట్టారో తెలియదు, ఇద్దరం పగలబడి నవ్వాం. కారు పక్కకి ఆపాల్సి వచ్చింది. వెనకొచ్చేవాడు హారన్ కొడుతూ తిట్టి పోయాడు, పోనీ.

సీటు కవరు విప్పి ఉతికాను. వాన పట్టింది, రేపటికి గానీ ఆరదు.